నీటిసేద్యమున వేరుకుళ్ళు

నీటిలో వేళ్ళూనుకొని యున్న మొక్క దాహముచే వాడి చనిపోవునని చెప్పినచో వినువారు నవ్వుదురు. కాని ఇది సత్యము. తొట్టి నిండ నీరుండును. ఆ నీటిలో మొక్కకు వలసిన లవణము లన్నియు నుండును. అయినను మిట్టమధ్యాహ్నమగునప్పటికి ఆకులు వ్రేలాడబడును. సాయంకాలము కొంచెము తేరుకొనును. మరునాడు మరింత వాడును. నాలుగైదు దినములలో మొక్క మరి లేవదు. పైకెత్తి చూచినచో వేళ్ళు మల్లెపూవువలె తెల్లగా నుండవలసినవి బురదరంగు పొంది, జిగటపట్టి, కంపుకొట్టుచుండును. దీనినే వేరుకుళ్ళు తెగులందురు. ఈ తెగులు ఏల వచ్చునో, రాకుండ నేమి చేయవలెనో, వచ్చిన పిమ్మట నెంతవరకు బాగుచేయ వీలగునో ఈ ప్రసంగమున మనవి చేయదలచితిని.

నేను కోనసీమలోని ఐనవిల్లి వాడను. గౌతమీ వసిష్ఠల నడుమనున్న మా సీమలో నీటిని గూర్చి ఒకరికొకరు చెప్పవలసిన పని లేదు. అయినను మట్టిలేకుండ నీటిలోనే పంట పండించుట మా వారికిని క్రొత్తయే. ఈ విద్య పుట్టి చిరకాలమైనది. 1860 ప్రాంతమున జర్మనీ దేశమున సాక్స్, నాప్ అను శాస్త్రజ్ఞులు మొక్కకు మట్టితో పనిలేదనియు, మట్టిలోని కొన్ని లవణములు నీట కరగి అందిన చాలుననియు పరీక్షచేసి నిరూపించిరి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములోని గెరిక్ అను నాతడు ఆ పరీక్షను ప్రయోగశాల నుండి సేద్యములోనికి దెచ్చి, 1937లో దానికి హైడ్రోపోనిక్సు అను పేరును లోకమునకు తెలిపెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, పంటభూమి లేని అసెన్షను ద్వీపములో అమెరికా సైన్యము ఈ పద్ధతిని తాజా కూరలు పండించుకొనెను. మన దేశమున 1946 మొదలు వంగరాష్ట్రములోని కాలింపాంగులో షోల్టో డగ్లసు అను నతడు సామాన్యులు సయితము చేసికొనదగిన రీతిని దీనిని ప్రచారము చేసెను.

నేడు మా ప్రాంతమున డాబాలమీద గొట్టములు, తొట్లు అమర్చి పాలకూర, తోటకూర, పుదీన, టమాటలు పెంచువారు కనబడుచున్నారు. భూమి కొద్దిపాటిగ నున్నవారికిది యొక ఆశ. పైగా మా కొబ్బరిపీచు తీసిన పిదప మిగులు పొట్టు, ఒకప్పుడు దారిప్రక్కన గుట్టలుగ పడియుండునది, ఇప్పుడు మట్టికి బదులుగ మొక్కలు పెంచుటకు దేశదేశములకు పోవుచున్నది. ఇట్టి ఆశ చిగిర్చిన చోటనే వేరుకుళ్ళు ప్రవేశించి పెట్టుబడిని తినివేయుచున్నది. కావున ఈ విషయము వినోదమునకై చెప్పునది కాదు.

మొదట గ్రహింపవలసిన దొకటి కలదు. వేరు నీరు త్రాగుటయే కాదు, ఊపిరియు పీల్చును. పగటివేళ ఆకు ప్రాణవాయువును విడుచునని మనము బడిలో చదివితిమి. వేరు అట్లు కాదు; రేయింబవళ్ళు మనవలెనే ప్రాణవాయువును పీల్చుకొనును. ఆ శక్తితోనే లవణములను లోనికి గైకొనును. ఊపిరాడని వేరు నీటి నడుమ నుండియు నీటిని పీల్చజాలదు. అందుచేతనే తొట్టి నిండియుండగ ఆకు వాడును.

నీటిలో ప్రాణవాయు వెంత యుండునో చూడుడు. ఒక లీటరు గాలిలో ప్రాణవాయువు ఇంచుమించు 280 మిల్లీగ్రాము లుండును. 20 సెంటిగ్రేడు డిగ్రీల చల్లదనము గల ఒక లీటరు మంచినీటిలో, అది యెంత పట్టగలదో అంతయు పట్టినను, 9 మిల్లీగ్రాములకు మించి యుండదు. నీరు వేడెక్కిన కొలది ఇదియు తగ్గును. 30 డిగ్రీల వద్ద ఏడున్నర, 35 డిగ్రీల వద్ద ఏడు మిల్లీగ్రాములు మాత్రమే నిలుచును. వేడియందు వేరుయొక్క ఊపిరి అవసరము హెచ్చును. నీటి యొద్ద నున్న నిలువ తగ్గును. ఆదాయము తరిగి ఖర్చు పెరిగిన సంసారమువంటిది ఆ తొట్టి.

ఈ మాట మా రొయ్యల రైతులకు చెప్పనక్కరలేదు. చెరువులో రాత్రులయందు ఏరేటర్లు త్రిప్పుట ఎందులకో వారెరుగుదురు. తెల్లవారుజామున విద్యుత్తు పోయినచో రొయ్య నీటిపైకి వచ్చి తల్లడిల్లుట వారు కన్నులార చూచినదే. రొయ్య తల్లడిల్లును గనుక మనకు తెలియును. వేరు తల్లడిల్లదు, మాటాడదు. అంతే భేదము.

అయినచో వరి నిలువనీటిలో పెరుగుట లేదా యని మీరు ప్రశ్నింపవచ్చును. యోగ్యమైన ప్రశ్న. వరికి ప్రకృతి యొక ప్రత్యేక సౌకర్యము చేసినది. దాని ఆకు మొదలు వేరుకొన వరకు లోపల సన్నని గాలిగొట్టము లున్నవి. ఆకు నుండి గాలి ఆ మార్గమున వేరును చేరును. బురదలోనుండి పెరికిన వరివేరుపై తుప్పువంటి ఎరుపు పూత మీరు చూచియే యుందురు. వేరు నుండి వెలువడిన ప్రాణవాయువు చుట్టునున్న ఇనుముతో కలిసి పట్టిన తుప్పే అది. ఆ వేరు ఊపిరి పీల్చుచున్నదనుటకు గుర్తు. అట్టి వరియు మురుగు వెడలని చేనిలో నెలల తరబడి నిలిచినచో వేళ్ళు నల్లబడి కంపుకొట్టును. అందుకే మన పెద్దలు నడుమ నడుమ చేనిని ఆరగట్టుచుండిరి. టమాట, మిరప, పాలకూరలకు ఈ గాలిగొట్టముల సదుపాయము వరికి ఉన్నట్లు లేదు. వరికి చెల్లినది వానికి చెల్లదు.

ఇక రెండవ కారణము. ఊపిరి తగ్గి నీరసించిన వేరుపై పడుటకు ఒక శత్రువు కాచుకొని యుండును. అవి నీటిబూజులు. పైథియము, ఫైటాఫ్తొరా అనునవి వీనిలో ముఖ్యములు. చూచుటకు బూజువలె నున్నను నిజమునకు బూజుజాతిలోనివి కావు. సముద్రములోని గోధుమరంగు నాచులకు జ్ఞాతులు. వీని బీజములకు రెండేసి సన్నని తోకలుండును. ఆ తోకలతో నీటిలో ఈదుకొనుచు, వేరు నుండి ఊరు తీపిరసముల వాసన పట్టుకొని వచ్చి వేరుపై వాలును. తోకలు రాల్చి, మొలకెత్తి, లోనికి చొచ్చును. మట్టిలో ఈ బీజము కొంతదూరము పోవుటయే కష్టము. కాని పది గొట్టములకు ఒకే తొట్టినీరు తిరుగు సేద్యములో మనమే పంపు పెట్టి దానిని ప్రతి మొక్క వాకిటికిని చేర్చుచున్నాము.

ఈ జాతి మన గోదావరి జిల్లాలకు క్రొత్తది కాదు. 20వ శతాబ్ది ఆరంభమున ఈ డెల్టాలో తాటిచెట్లు మొవ్వు కుళ్ళి పెద్దసంఖ్యలో చనిపోవుచుండెను. కొబ్బరికిని ఆ తెగులు సోకెను. పూసాలోని వ్యవసాయ పరిశోధనాలయమునకు చెందిన ఎడ్విన్ జాన్ బట్లరు దొర ఈ వ్యాధిని పరిశోధించి, దానికి కారణమైన నీటిబూజును కనిపెట్టి, 1907లో దానికి తాళవృక్షములను భక్షించునది యను అర్థము వచ్చు పేరు పెట్టెను. నేడు దానిని ఫైటాఫ్తొరా పాల్మివోరా అందురు. తెగులుపడిన చెట్ల తలలను నరికి తగులబెట్టుటయే ఆనాడు ప్రభుత్వమువారు చేయించిన చికిత్స. ఆ జీవియే కొబ్బరితోటల నడుమ వేసికొన్న కోకోకు కాయకుళ్ళు తెచ్చును. దాని జ్ఞాతియే 1845లో ఐర్లండు దేశమున బంగాళదుంప పైరును నాశనముచేసి ఘోరమైన కరవు తెచ్చినది. డాబాపై నున్న తొట్టిలోనికి వచ్చు శత్రువు చిన్నవాడు కాడని తెలియుటకే ఇంత చెప్పితిని.

తెగులును గుర్తించు విధము చెప్పెదను. ఆకులను చూచి గుర్తించుట ఆలస్యముగ గుర్తించుట. వారమున కొకమారైనను మొక్కను పైకెత్తి వేరును చూడవలెను. ఆరోగ్యమైన వేరు తెల్లగా, గట్టిగా, నారవలె నుండును. కొన్ని ఎరువుల రంగు పట్టి వేరు పసుపువన్నె దాల్చవచ్చును. దానికి భయపడ నక్కరలేదు. అనుమానము కలిగినచో వేరును బొటనవ్రేలితోను చూపుడువ్రేలితోను పట్టి మెల్లగా లాగుడు. కుళ్ళిన వేరైనచో పైతోలు జారి చేతికి వచ్చి, లోపలి సన్నని దారము మాత్రము మిగులును. నీటి వాసన చూడుడు. మంచి తొట్టినీరు వానతడిసిన నేలవలె నుండును; చెడినది మురుగుకాలువవలె నుండును. కన్ను, వ్రేలు, ముక్కు ఈ మూడును చాలును.

మా ప్రాంతమున నేను చూచిన సంగతి యొకటి చెప్పెదను. ఒక యువకుడు అప్పుతెచ్చి డాబాపై గొట్టములు పరచి పాలకూరయు పుదీనయు పెట్టెను. మాఘ ఫాల్గుణములలో పంట కన్నులపండువుగ నుండెను. వైశాఖము వచ్చుసరికి మొక్కలు మధ్యాహ్నము వాడజొచ్చెను. బలము చాలలేదని ఎరువు హెచ్చించెను. వాడుట హెచ్చెను. తెగులని తలచి దుకాణమున నిచ్చిన కార్బెండజిమ్ మందు కలిపెను. అది నిజమైన బూజులను చంపునే గాని నీటిబూజులపై పనిచేయదు. ఆ డబ్బును పోయెను. నేను వెళ్ళి మిట్టమధ్యాహ్నమున తొట్టినీటిలో ఉష్ణమాపకము ముంచి చూడగ 36 డిగ్రీలు చూపెను. నల్లని తొట్టి, సిమెంటు డాబా, నెత్తిన సూర్యుడు! ఆ మొక్కలకు రోగము కన్న ముందు ఉడుకు పట్టినది. తరువాతి పంటకు అతడు తొట్టిని క్రిందికి దింపి, నేలలో గొయ్యిత్రవ్వి పాతి, పైన కొబ్బరాకుల పందిరి వేసెను. మందు కొనలేదు. పంట వచ్చినది.

కావున నివారణ సూత్రములు నాలుగే: గాలి, చల్లదనము, చీకటి, శుభ్రత.

గాలి యన, చేపల తొట్లలో బుడగలు విడుచు చిన్నపంపు నొకదానిని రాత్రింబవళ్ళు నడపుట. అది లేనివారు నీటిని పైనుండి ధారగ పడునట్లు చేసినను కొంత గాలి కలియును. పంపు లేకుండ నిలువనీటిలో పెంచు పద్ధతి యొకటి కలదు. దానియందు మొక్క త్రాగిన కొలది నీటిమట్టము తగ్గును; పైనున్న వేళ్ళు గాలిలో నూగుబట్టి ఊపిరి పీల్చును, క్రిందివి నీరు త్రాగును. అట్టి తొట్టి సగమైనదని జాలిపడి మరల అంచువరకు నింపువారు ఆ గాలివేళ్ళను ముంచి చంపుచున్నారు. కొబ్బరిపొట్టులో పెంచువారు పొట్టును ముందు మంచినీట రెండు మూడు సారులు కడిగి ఉప్పు పోగొట్టి, అదిమి కూరక, అడుగున నీరు నిలువకుండ రంధ్రములుంచవలెను.

చల్లదన మన, నీటిని 18 నుండి 24 డిగ్రీల లోపల నుంచుట శ్రేష్ఠము. మా ఎండలలో అది సాధ్యము కాని దినములలో 28 దాటకుండ చూచినను కొంత మేలు. తొట్టిని పాతుట, వెలుపల తెల్లసున్నము పూయుట, తడిగోనెలు చుట్టుట, పందిరి వేయుట మన చేతిలోని పనులు. రోహిణి కార్తెలో పంట వేయక తొట్లను కడిగి ఆరబెట్టి యుంచుట కూడ సేద్యమే. కాలువకు కట్టుబడి కాల మున్నట్లే తొట్టికిని విశ్రాంతి యుండవచ్చును.

చీకటి యన, నీటిపై వెలుగు పడనీయకుండుట. వెలుగు తగిలినచో నాచు పట్టును. నాచు చచ్చి కుళ్ళునపుడు నీటిలోని ప్రాణవాయువును హరించును.

శుభ్రత యన, మొదట నీటి శుభ్రత. కాలువనీటిలోను చెరువునీటిలోను నీటిబూజుల బీజము లుండుట సహజము. బోరునీరు మేలు. కాలువనీరే గతియైనచో ఇసుకవడపోత చేసికొనవలెను. మూడడుగుల మందమున సన్నని ఇసుక పోసి, నీటిని గంటకు జానెడు కంటె వేగముగ దిగకుండ మెల్లగా వదలవలెను. ఇసుక ఎన్నడును ఎండరాదు. కొన్ని వారములకు ఇసుకరేణువులపై మేలుచేయు సూక్ష్మజీవులు పేరుకొని, ఈదివచ్చు బీజములను పట్టి హరించును. పట్టణములకు మంచినీరిచ్చుటకు వాడిన ఈ పాతపద్ధతియే నేడు ఐరోపాలోని గాజుతోటలలోను వాడుకలో నున్నది. ఒక తొట్టిలో ముంచిన చేయి కడుగక మరియొక తొట్టిలో ముంచరాదు. మడిలో పెంచిన నారును మట్టివేళ్ళతో తెచ్చి నీటిలో పెట్టరాదు.

ఇంత చేసినను తెగులు వచ్చినచో చికిత్స యిది. తెగులుపడిన మొక్కను వెంటనే వేరుచేయుడు. పారు నీటిలో వేరును కడిగి, స్పిరిటుతో తుడిచిన కత్తెరతో కుళ్ళిన భాగమునంతయు కత్తిరింపుడు. సగము వేళ్ళు పోయినచో ఆకులను కూడ సగము తగ్గింపుడు. కొద్ది వేళ్ళు ఎక్కువ ఆకులను పోషింపజాలవు. వేళ్ళన్నియు పోయిన మొక్కపై మమత విడిచి కాల్చివేయుడు. కాలువలో మాత్రము పారవేయవద్దు. పాతనీటిని పారబోసి, తొట్టిని గొట్టములను రుద్ది కడిగి, లీటరు నీటికి 10 గ్రాముల బ్లీచింగు పొడి కలిపి తేర్చిన నీటితో అరగంట నింపియుంచి, పిదప వాసన పోవువరకు మంచినీట కడుగుడు. బ్లీచింగు నీటిలో ఆమ్లము లేవియు కలుపరాదు; విషవాయువు పుట్టును. తరువాత సగము పాలు ఎరువు కలిపిన చల్లని క్రొత్తనీటిని, పైవేళ్ళకు గాలి తగులునట్లు తక్కువ మట్టమున పోసి, మొక్కను వారము దినములు నీడలో నుంచుడు. బ్రతుకు మొక్క వారము పది దినములలో తెల్లని క్రొత్తవేరు వేయును.

హైడ్రోజను పెరాక్సైడు వాడుదురు. మందులదుకాణమున దొరకు మూడుపాళ్ళ ద్రావణము లీటరు నీటికి 2, 3 మిల్లీలీటర్లు ఒకమారు కలుపవచ్చును. హెచ్చినచో లేతవేళ్ళు మాడును. అది కొన్ని గంటలు పనిచేసి నీరైపోవును. తొట్టి వేడిగనే యుండినచో తెగులు మరల వచ్చును. ట్రైకోడెర్మా, సూడోమొనాసు మొదలైన మేలుజీవులు తెగులు రాకమునుపు కాపలాకు పనికివచ్చును. పెరాక్సైడుతో కలిపి వేసినచో అవి చచ్చును. రెండింటి నడుమ కొన్ని దినములు ఎడముంచవలెను. బోర్డోమిశ్రమము కొబ్బరిమొవ్వునకు మంచిదే యైనను తొట్టినీటిలో వేయరాదు. దానిలోని తామ్రము వేరునకు విషము.

తొట్లు లేనివారికి ఈ ప్రసంగముతో పనిలేదని తలపవద్దు. నేలమీద సేద్యమునకును ఇదే న్యాయము. పొగాకు, మిరప, వంగ నారుమళ్ళలో మొక్కలు మొదట కుళ్ళి పడిపోవుట పైథియము పనియే. ఎత్తుమడి కట్టి పలుచగ విత్తినవాని నారు నిలుచును. మా కొబ్బరిలో మొదలు నుండి ఎర్రని బంక కారు గానోడెర్మా తెగులు వేరొక జాతి బూజువలన కలుగునది. వేళ్ళ మార్గముననే అది ప్రవేశించును. అయినను మొదటి జాగ్రత్త ఒక్కటే: రోగపు చెట్టు పాదులోని నీటిని పొరుగుచెట్టు పాదులోనికి పారనీయరాదు; దాని చుట్టు కందకము త్రవ్వవలెను. తోటను దున్ని వేళ్ళు తెంపరాదు. చెట్టునకు ఏటేట 5 కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా కలిపి వేయవలెను.

తుదకు చెప్పవలసిన దొకటి. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిదప ఈ డెల్టాకు నీరు తెచ్చుట మనము నేర్చితిమి. నీటిని వెడలించుట అంత శ్రద్ధగ నేర్వలేదు. నీరు పల్లమెరుగునందురు, కాని పల్లమున పూడికయు గుర్రపుడెక్కయు నిండియున్నచో ఎరిగియు నేమి చేయును? 2011లో కోనసీమ రైతులు సార్వా వేయక పంటవిరామము ప్రకటించిరి. గిట్టని ధర మొదలైన కారణములు పెక్కు చెప్పిరి. 2022లో మరల విరామపు మాట వచ్చినపుడు మురుగుకాలువల పూడికయు వారి మొరలలో నుండెను. కౌశిక వంటి మురుగుకాలువ ఎగువ చేలన్నిటికిని ఊపిరిగొట్టము. అది మూసికొన్నచో ఊరంతయు వేరుకుళ్ళు పట్టిన తొట్టి యగును. తొట్టిని కడుగుట ఒక్కని పని. కాలువను కడుగుట పదుగురి పని, ప్రభుత్వము పని.

తెగులు కనబడగనే మందెక్కడ దొరకునని అడుగుట మనకు వాడుక. దానికి ముందు వేరునకు ఊపిరాడుచున్నదా యని ఒకమారు అడిగి చూడుడు. పెక్కుమారులు ఆ ప్రశ్నలోనే జవాబు దొరకును, ఖర్చును తప్పును.